సన్నని లోహపు కాళ్ళ కుషన్ కుర్చీలు: ఏది ఎవరింటికి సరిపోతుంది?

డైనింగ్ టేబుల్‌కి కుర్చీలు కొందామని ఏ షోరూమ్‌కి వెళ్ళినా ఇప్పుడు ముందుగా కంటపడేది ఈ రకమే. పైన మెత్తటి గుండ్రని కుషన్ సీటు, కింద నల్లగానో బంగారు రంగులోనో సన్నని లోహపు కాళ్ళు. టేకు కుర్చీలంత బరువుండవు, పక్కకి జరపడం తేలిక. కాళ్ళు సన్నగా ఉండటంతో కింద నేల కనిపిస్తూ ఉంటుంది కాబట్టి ఇరుకు హాలు కూడా కాస్త విశాలంగా అనిపిస్తుంది. రెండు బెడ్‌రూముల ఫ్లాట్లలో వీటికి ఇంత గిరాకీ ఉన్నది అందుకే.

వీటిని ఒక్క మోడల్‌గా కాకుండా వరుసగా అమ్ముతారు. ఒకే బట్టతో చేతులు లేనిదొకటి, చేతులున్నదొకటి, వెడల్పాటి లాంజ్ కుర్చీ, కిచెన్ కౌంటర్‌కి ఎత్తు స్టూలు ఉంటాయి. కాళ్ళలో నాలుగైదు రకాలు, బట్టల్లో బోలెడన్ని రంగులు. ఇన్ని ఎదురుగా పెట్టేసరికి చాలామంది రంగు దగ్గర మొదలుపెడతారు. నేనైతే కుర్చీని బోర్లించి, కాళ్ళని సీటుకి ఎలా బిగించారో ముందు చూడమంటాను. రంగు ఆఖర్న చూసుకోవచ్చు. ఈ రకం కుర్చీల్లో ముందుగా వదులయ్యేది ఆ బిగింపే.

కాలు సన్నగా ఉందంటే బలం లేదని కాదు. లోపల బోలుగా ఉండే ఉక్కు గొట్టం బరువు తక్కువైనా మనిషిని బాగా మోస్తుంది. 1925 ప్రాంతంలో జర్మనీలోని బౌహౌస్ అనే డిజైన్ స్కూల్లో మార్సెల్ బ్రాయర్ అనే డిజైనర్ సైకిల్ హ్యాండిల్ ఇచ్చిన ఆలోచనతో ఉక్కు గొట్టాన్ని వంచి కుర్చీ చేశాడు. ఇవాళ షోరూముల్లో చూస్తున్న సన్నకాళ్ళ కుర్చీలన్నీ ఆ దారిలో వచ్చినవే. తిన్నగా కూర్చున్నప్పుడు కాళ్ళకి పెద్ద కష్టం లేదు. భోజనమయ్యాక వెనక్కి వాలి, ముందు కాళ్ళు పైకి లేపి, రెండు వెనక కాళ్ళ మీద ఊగుతారు చూడండి, అసలు పరీక్ష అప్పుడే. ఆ ఒత్తిడి ఎక్కువగా కాలి పైకొసలో, సీటుకి అతికిన చోట పడుతుంది. పైన లావుగా మొదలై కిందికి సన్నబడే కాలు చూడటానికి అందంగా ఉండటమే కాదు, లోహం ఎక్కువ కావలసిన చోటే ఎక్కువ ఉంటుంది.

బిగింపులో మూడు తరగతులు

అన్నిటికంటే నమ్మదగింది, నాలుగు కాళ్ళనీ సీటు కింద ఒక లోహపు చట్రానికి వెల్డింగ్ చేసి, ఆ చట్రం మొత్తాన్ని సీటుకి బోల్టులతో బిగించింది. బరువు ఒక కాలి మీద పడినా నాలుగూ పంచుకుంటాయి. రెండోది, ఒక్కో కాలికి విడిగా చదరపు ప్లేటు ఉండి, ఆ ప్లేటు నుంచి వెళ్ళే బోల్టులు ప్లైవుడ్‌లో ముందే దిగ్గొట్టిన ఇనుప నట్లలో కూర్చునే పద్ధతి. ఇదీ బాగానే ఉంటుంది, వదులైతే మళ్ళీ బిగించుకోవచ్చు. మూడోది, ప్లేటుని మామూలు చెక్క స్క్రూలతో పార్టికల్ బోర్డుకి కొట్టేయడం. ఆ బోర్డు అంటే రంపపు పొట్టునీ చెక్క ముక్కల్నీ జిగురుతో అతికించిన పలక. ఒకసారి స్క్రూ వదులైతే రంధ్రం పెద్దదైపోతుంది, తర్వాత ఎంత తిప్పినా పట్టదు. పైన బట్ట ఎంత ఖరీదుదైనా ఈ మూడో రకం వద్దంటాను.

చాలా కుర్చీలకి సీటు అడుగున నల్లటి పల్చని గుడ్డ కుట్టి ఉంటుంది, దాంతో లోపలేముందో కనిపించదు. ఏ పలక వాడారో అడగండి. 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ అంటే మంచిదే. జవాబు తడబడితే వేలితో అడుగున తట్టి చూడండి, స్క్రూ తలల దగ్గర పొడి రాలుతుందేమో చూడండి. వెల్డింగ్ అతుకు గొట్టం చుట్టూ పూర్తిగా తిరిగి ఉండాలి. రెండు మూడు చుక్కలు పెట్టి వదిలేసి, మీద రంగు కొట్టినవి కొన్నాళ్ళకి కిర్రుమంటాయి.

గొట్టం గురించి అడిగితే గేజ్ చెబుతారు. ఇక్కడ అంకె పెరిగేకొద్దీ రేకు పల్చన. 16 గేజ్ అంటే దాదాపు 1.6 మిల్లీమీటర్లు, 18 అంటే 1.2, 20 అంటే 0.9. రోజూ వాడే డైనింగ్ కుర్చీకి 18 కంటే పల్చన వద్దు. గేజ్‌తో పాటు గొట్టం లావు కూడా అడగాలి, ఇది చాలామంది వదిలేస్తారు. రేకు మందం ఒకటే అయినా, 19 మిల్లీమీటర్ల గొట్టం కంటే 25 మిల్లీమీటర్లది వంగకుండా నిలబడటంలో రెట్టింపుకి పైగా గట్టిది. కంటికి రెండూ సన్నగానే కనిపిస్తాయి.

కాళ్ళ ఆకారం

బయటికి చాచినట్టుండే నాలుగు కాళ్ళది అందరికీ తెలిసిన రకం. నిలకడ బాగుంటుంది, పక్కకి ఒరగదు. చిక్కల్లా, పాదాలు సీటు అంచు దాటి బయటికొస్తాయి. టేబుల్‌కీ గోడకీ మధ్య దారి ఇరుగ్గా ఉంటే నడిచేవాళ్ళ కాలివేళ్ళు తగులుతుంటాయి. అలాంటి చోట తిన్నగా దిగే కాళ్ళు నయం.

రెండు పక్కలా నేల మీద పొడుగ్గా ఆనే కడ్డీలున్న స్లెడ్ రకం టైల్స్ మీద, కార్పెట్ మీద హాయిగా జరుగుతుంది. నేల సమంగా లేకపోతే మాత్రం కదులుతుంది. తాండూరు బండలో కడప బండలో పరిచిన పాత ఇళ్ళలో ఇది తీసుకోవద్దు. అక్కడ అడుగున తిప్పి ఎత్తు సరిచేసుకునే బుష్‌లున్న నాలుగు కాళ్ళ కుర్చీయే సరైనది.

సన్నని కడ్డీలని అల్లినట్టు కలిపిన కాళ్ళు ఫొటోల్లో బాగా వస్తాయి. నిజంగా బలమైనవే, అతుకులన్నీ సరిగ్గా ఉంటే. కానీ అతుకులు ఎక్కువ, దుమ్ము చేరే మూలలూ ఎక్కువ. వెనక కాళ్ళు లేకుండా ముందు నుంచి వంగి తిరిగే కాంటిలీవర్ రకం కూర్చుంటే కాస్త ఊగుతుంది. చదువుకునే టేబుల్ దగ్గర అది సుఖం. పెద్దవాళ్ళకి మాత్రం లేచేటప్పుడు ఆ ఊగుడు భయం పుట్టిస్తుంది.

లోహం, పూత, తడిగుడ్డ

మన ఇళ్ళలో ఈ కుర్చీల కాళ్ళకి అసలు శత్రువు రోజూ పెట్టే తడిగుడ్డ. కేటలాగుల్లో దీని ఊసుండదు. బకెట్ నీళ్ళు, మాపు, ఫినాయిల్ ప్రతి పొద్దున్నా కాలి అడుగుకి తగులుతాయి. నల్లని కాళ్ళు సాధారణంగా మామూలు ఇనుము, అంటే ఎంఎస్ గొట్టం మీద పౌడర్ కోటింగ్, పొడి రంగు చల్లి వేడితో పట్టించే పూత. ఆ పూత బయటివైపు బాగా పట్టుకుంటుంది, గొట్టం లోపలివైపు సరిగ్గా చేరదు. కాలి అడుగున తొడిగిన రబ్బరు టోపీకీ గొట్టానికీ మధ్య నీరు దిగి నిలిచిపోతే తుప్పు లోపల్నుంచి మొదలవుతుంది. పైన రంగు ఉబ్బేవరకు తెలియదు, ఈలోగా తెల్లటి వెట్రిఫైడ్ టైల్ మీద గోధుమరంగు ఉంగరాలు పడతాయి.

కాబట్టి అడుగు భాగం చూడండి. గొట్టం లోపలికి గట్టిగా దిగిన నైలాన్ బుష్, గొట్టం అంచుని నేలకి కొంచెం పైకి ఎత్తి పట్టేది, బయట తొడిగే టోపీ కంటే మంచిది. ఇంకా మంచిది, అడుగు పూర్తిగా మూసి వెల్డ్ చేసి, దాని కింద బుష్ పెట్టింది. ఇంటికి తెచ్చాక బుష్‌లు తీసి, గొట్టం కొసకి లోపలివైపు కాస్త రెడాక్సైడ్, అంటే తుప్పు పట్టకుండా వేసే ఎర్ర ప్రైమర్, పూసి, ఆరాక మళ్ళీ తొడిగితే చాలా ఏళ్ళు కలిసొస్తాయి.

బంగారు రంగు కాళ్ళ విషయంలో తేడా చాలా ఉంటుంది, దూరం నుంచి తెలియదు. ఒకటి ఇనుము మీద బంగారు రంగు స్ప్రే లేదా పల్చని పూత. ఇది గీతలు పడుతుంది, గీత పడ్డ చోట తుప్పు పడుతుంది. రెండోది స్టెయిన్‌లెస్ స్టీలు మీద పీవీడీ పద్ధతిలో, అంటే గాలి తీసేసిన గదిలో ఆవిరి రూపంలో పట్టించి, వేసిన పూత, ఇది గట్టిది, ధర కూడా ఎక్కువే. చిన్న అయస్కాంతం జేబులో వేసుకెళ్ళండి. కాలికి గట్టిగా అతుక్కుంటే లోపలున్నది దాదాపుగా మామూలు ఇనుమే. అతుక్కోకపోతే స్టీలని అనుకోవచ్చు. స్టీలులో 202 రకమా 304 రకమా అన్నది మాత్రం అయస్కాంతం చెప్పలేదు, రెండూ దాదాపు అతుక్కోవు. 202లో నికెల్ తక్కువ, కాబట్టి ధర తక్కువ, మచ్చలు త్వరగా వస్తాయి. 304లో నికెల్ 8 శాతం, క్రోమియం 18 శాతం ఉంటాయి. బిల్లు మీద ఏ గ్రేడో రాయించుకోండి.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం, నెల్లూరు లాంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలికి క్రోమ్ పూత త్వరగా చుక్కలు చుక్కలుగా పాడవుతుంది. సముద్రానికి దగ్గర ఇల్లైతే క్రోమ్ వద్దు. 304 స్టీలైనా వారానికోసారి పొడిగుడ్డతో తుడవాలి. హైదరాబాద్, కర్నూలు, అనంతపురం లాంటి పొడి ప్రాంతాల్లో మంచి పౌడర్ కోటింగ్ సరిపోతుంది, స్టీలుకి అంత ఖర్చు పెట్టక్కర్లేదు. ఇంకో మాట, నేల మరకలకి యాసిడ్ వాడే అలవాటుంటే కుర్చీలు అవతలి గదిలో పెట్టి వాడండి. యాసిడ్, బ్లీచింగ్ రెండూ స్టీలుని కూడా తినేస్తాయి.

చేతులు ఉండాలా, వద్దా

మన టేబుళ్ళ ఎత్తు సాధారణంగా 75 సెంటీమీటర్లు. దానికి సీటు ఎత్తు 45 నుంచి 48 ఉండాలి. ఈ కొలత మనిషి కూర్చున్నాక చూడాలి, మెత్తటి ఫోమ్ అయితే సీటు కిందికి దిగుతుంది కాబట్టి. చేతులున్న కుర్చీ కొంటే, చేతి ఎత్తు టేబుల్ పలక అడుగున ఉండే పట్టీ కంటే తక్కువుందో లేదో కొలవండి. లేకపోతే కుర్చీ లోపలికి వెళ్ళదు, హాల్లోకి పొడుచుకొచ్చి ఉంటుంది.

వెడల్పు ఇంకా ముఖ్యం. చేతులున్నది దాదాపు 60 సెంటీమీటర్లు తీసుకుంటుంది, లేనిది 45 నుంచి 50. ఆరుగురి టేబుల్ పొడుగు 150 అయితే, కాళ్ళ మధ్య ఖాళీ 130 మాత్రమే ఉండొచ్చు. అక్కడ చేతులున్నవి రెండు పెడితే మోచేతులు కొట్టుకుంటాయి. అందుకే పొడుగు వైపు చేతులు లేనివి నాలుగు, రెండు చివర్లా చేతులున్నవి రెండు అన్న పాత ఏర్పాటు ఇప్పటికీ బాగా పనిచేస్తుంది. ఒకే వరుసలోని కుర్చీలు కొనడంలో లాభం కూడా ఇదే, బట్ట, కాళ్ళు ఒకటే కాబట్టి కలిసిపోతాయి.

ఇంట్లో మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మో తాతయ్యో ఉంటే చివర్లలో ఆ చేతులున్న కుర్చీలు తప్పనిసరి. లేచేటప్పుడు చేతుల మీద బరువు వేస్తారు కాబట్టి, చేతిని వాళ్ళ చేతే నొక్కించి చూడండి. కుర్చీ ముందుకి ఒరగకూడదు. బాగా పల్లంగా, వెనక్కి వాలిన సీటు వాళ్ళకి వద్దు. లాంజ్ కుర్చీలు 38 నుంచి 42 సెంటీమీటర్ల ఎత్తులో, లోతు ఎక్కువగా ఉంటాయి. పుస్తకం చదవడానికి బాగుంటాయి కానీ మోకాళ్ళకి శిక్ష.

కుర్చీలో కూడా మఠం వేసుకుని కూర్చునే అలవాటు మనలో చాలామందికుంది. అలాంటి ఇంట్లో చేతులు లేని, ముందు వెడల్పున్న సీటే కావాలి. చుట్టూ పట్టేసినట్టుండే బకెట్ సీటు అందంగా ఉన్నా మోకాళ్ళు పట్టవు. చెప్పులు విప్పి కాళ్ళు ముడుచుకుని కూర్చుని చూడటానికి షోరూమ్‌లో మొహమాటపడొద్దు, రేపు ఇంట్లో కూర్చునేది అలాగే.

ఎత్తు స్టూళ్ళ గురించి ఒక్క మాట. కిచెన్ గట్టు 90 సెంటీమీటర్లైతే సీటు 60 నుంచి 65 చాలు. 75 ఎత్తువి బార్ కౌంటర్లవి, వాటిని పొరపాటున తెస్తే తొడలు గట్టుకి తగులుతాయి. కాలు పెట్టే కడ్డీ మీద పూత అన్నిటికంటే ముందు పోతుంది, అక్కడ స్టీలు పట్టీ ఉన్నది చూసుకోండి.

లోపలి ఫోమ్

డెన్సిటీ అంటే గట్టిదనం కాదు, ఒక ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలుంటుందో ఆ లెక్క. 40 డెన్సిటీ ఫోమ్ మెత్తగానూ ఉండొచ్చు, గట్టిగానూ ఉండొచ్చు, కానీ త్వరగా అణగారిపోదు. సీటుకి 32కి తగ్గొద్దు, 40 అయితే ఇంకా మంచిది. వీపు భాగానికి తక్కువైనా ఫరవాలేదు. నమూనా ముక్క చూపిస్తే తూకం వేయొచ్చు. 45 సెంటీమీటర్ల చదరం, 5 సెంటీమీటర్ల మందం ఉన్న ముక్క 40 డెన్సిటీదైతే 400 గ్రాముల దాకా తూగాలి, అదే 18దైతే 180 గ్రాములే. షోరూమ్‌లో ఒక్క నిమిషం కూర్చుని లేస్తే నాసిరకం ఫోమే ఎక్కువ హాయిగా అనిపిస్తుంది. పది నిమిషాలు కదలకుండా కూర్చోండి, అప్పుడు కింద చెక్క తగులుతుందో లేదో తేలుతుంది.

బట్ట

డైనింగ్ కుర్చీ బట్టకి మన వంటింటి పరీక్షలు వేరు. పసుపు, ఆవకాయ నూనె, సాంబారు, తలకి రాసుకున్న కొబ్బరినూనె, ఎండాకాలం చెమట.

వెల్వెట్ ఇప్పుడు బాగా నడుస్తోంది. వీటిలో ఎక్కువ భాగం పాలిస్టరే, అనుకున్నంత సున్నితం కాదు. చిందిన నీళ్ళు వెంటనే అద్దితే పోతాయి. గోళ్ళకి చిక్కే పోగులు లేవు కాబట్టి పిల్లి ఉన్న ఇంట్లో కూడా ఫరవాలేదు. కానీ దుమ్ము పట్టుకుంటుంది, చేత్తో రాసిన వైపు నీడ మారి మచ్చల్లా కనిపిస్తుంది, ఏసీ లేని గదిలో మే నెలలో ఉక్కగా ఉంటుంది.

పోగులు ఉంగరాల్లా పైకి తేలి ఉండే బూక్లే చూడగానే నచ్చుతుంది, ముఖ్యంగా తెలుపులో. డైనింగ్‌కి మాత్రం నేను గట్టిగా వద్దంటాను. మెతుకులు ఆ ఉంగరాల్లో ఇరుక్కుంటాయి, గాజులూ మగ్గం వర్క్ చీరలూ పోగులు లాగేస్తాయి, అటు చీరా పాడు, ఇటు కుర్చీ పాడు. పడకగది మూలన పెట్టుకునే లాంజ్ కుర్చీకి సంతోషంగా తీసుకోండి.

రెక్సిన్ రకాల్లో పీయూ మెత్తగా, తోలులా ఉంటుంది. ఉక్కపోత ఊళ్ళలో తేమకి అది కొన్నేళ్ళలో పొరలు పొరలుగా ఊడిపోతుంది, వాడినా వాడకపోయినా. పీవీసీ అలా పొరలూడదు, తడిగుడ్డతో ఏదైనా పోతుంది, కానీ చెమటకి అతుక్కుంటుంది, ఏళ్ళు గడిచాక బిరుసెక్కి మడతల దగ్గర పగులుతుంది. రోజూ చిన్నపిల్లలు తినే టేబుల్ అయితే పీవీసీయే తెలివైన ఎంపిక. అసలు తోలు వానాకాలం బూజు పడుతుంది, దాన్ని ఓపికగా చూసుకునేవాళ్ళకే.

అన్నిటిలో నా ఓటు దట్టంగా నేసిన, కాస్త గరుకు నేతలా కనిపించే పాలిస్టర్ బట్టకి. గాలి ఆడుతుంది, మరక చెదిరిపోయినట్టు కనిపిస్తుంది, రాపిడికి ఆగుతుంది. నమూనా పుస్తకంలో మార్టిండేల్ అంకె రాసి ఉంటుంది, అది బట్టని ఎన్నిసార్లు రాపిడి చేస్తే చిరిగిందో చెప్పే పరీక్ష. రోజూ వాడే కుర్చీకి 25,000 పైన ఉండాలి. రంగు విషయంలో లేత బూడిద, తెలుపు కంటే ఆవాల రంగు, ఇటుక రంగు, ముదురు ఆకుపచ్చ మన వంటలకి తట్టుకుంటాయి. పసుపు మరక పడితే సబ్బు రుద్దొద్దు. సబ్బులోని క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది. చల్లటి నీళ్ళతో అద్ది, కుర్చీని కాసేపు ఎండలో పెడితే మరక క్రమంగా వెలిసిపోతుంది.

సీటు మీద లోతుగా గీతలు కుట్టినవి, గుండీలు నొక్కినవి భోజనాల దగ్గర వద్దు. ఆ సందుల్లోంచి మెతుకులు తీయడం పెద్ద పని.

ఇక ఏది తీసుకోవాలి

ఉమ్మడి కుటుంబం, పెద్దవాళ్ళు, రోజూ రెండు పూటలా టేబుల్ నిండితే: ఒకే చట్రంగా వెల్డ్ చేసిన నాలుగు కాళ్ళ పౌడర్ కోటెడ్ రకం, నేత బట్ట, చేతులు లేనివి నాలుగు, చేతులున్నవి రెండు. అద్దె ఇల్లు, తరచూ మారాల్సిన ఉద్యోగమైతే కాళ్ళు విప్పి ప్యాక్ చేయగలిగే బోల్టు రకం, ఇనుప నట్లున్నదే. తీరంలో ఉంటే స్టీలు కాళ్ళు, పీయూ లేకుండా. అతిథులు వచ్చినప్పుడే వాడే డ్రాయింగ్ రూమ్‌కైతే బంగారు కాళ్ళు, వెల్వెట్, మీ మనసుకి నచ్చిన రంగు, అక్కడ అందానికి పెద్దపీట వేయడంలో తప్పులేదు. డబ్బు తక్కువుంటే బట్టలో తగ్గించండి, చట్రంలో కాదు. బట్టనైతే కుర్చీల రిపేరు చేసేవాళ్ళు మళ్ళీ వేసిపెడతారు, పల్చని గొట్టాన్ని ఎవరూ లావు చేయలేరు.

బిల్లు మీద గొట్టం గేజ్, లోహం గ్రేడ్, ఫోమ్ డెన్సిటీ రాయించండి. వారంటీ చట్రానికి ఎంత, బట్టకి ఎంత అని విడివిడిగా అడగండి. సాధారణ కుర్చీలకి భారత ప్రమాణం ఐఎస్ 17632, ఆ ప్రకారం పరీక్షించినవేమో కనుక్కోండి. అదే తానులోంచి ఒక మీటరు బట్ట, ఒక సెట్టు బుష్‌లు అదనంగా తీసుకోండి, తర్వాత అదే రంగు దొరకడం కష్టం. కుర్చీలు ఇంటికొచ్చిన నెల రోజులకి ఒకసారి బోర్లించి బోల్టులన్నీ బిగించండి. కొత్త ఫోమ్, కొత్త ప్లైవుడ్ కొంచెం అణిగాక అవి సహజంగానే వదులవుతాయి. నాలుగూ సగం సగం బిగించి, కుర్చీని సమమైన టైల్ మీద నిలబెట్టి, ఆ తర్వాతే పూర్తిగా బిగించండి.